తరగతిని మించిన పిల్లలు

పొరుగురాజు ఇచ్చిన విందులో చింతలదుర్గం రాజు రణధీర భూపతికి ముద్ద దిగలేదు. వంటల్లో లోపమేమీ లేదు. "మా రాజ్యంలో ఐదో తరగతి పిల్లలు ఏడో తరగతి లెక్కలు చేస్తారు" అని ఆ పొరుగురాజు అరిసె కొరుకుతూ అన్నాడు. అంతే.

కోటకు వస్తూనే భూపతి దండోరా వేయించాడు.

"మన ఐదో తరగతి పిల్లలు ఎనిమిదో తరగతి లెక్కలు చేయాలి. వచ్చే నెల పరీక్ష!"

పిల్లలకు పలకలున్నాయా, బడికి కప్పుందా అని మాత్రం అడగలేదు. అలాంటివి రాజులకు తట్టవు.

పిల్లలకు చదువు చెప్పి పరీక్ష పెట్టే బాధ్యత ఆస్థాన గణకుడు పేరిశాస్త్రిది. ఆయన లెక్కల్లో ఎంత గట్టివాడో ఎవరికీ తెలియదు గానీ, శాలువాలు కప్పించుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

నెల తిరిగింది. నిండు సభలో ఐదో తరగతి మగపిల్లల్ని వరసగా నిలబెట్టారు. శాస్త్రి ఒక్కో ప్రశ్న అడిగి బెత్తంతో నేల మీద కొట్టాడు.

"నూట నలభై నాలుగుకు వర్గమూలమెంత?" టక్!

"పన్నెండు!"

"అరవై నాలుగుకు ఘనమూలమెంత?" టక్!

"నాలుగు!"

"వెయ్యిలో ఎనిమిదో వంతెంత?" టక్!

"నూట ఇరవై ఐదు!"

అడిగినవన్నీ చెప్పారు. అందరిదీ ఒకటే గొంతు. రాజుగారి మీసం దానంతటదే పైకి లేచింది.

తర్వాత ఆడపిల్లలు వచ్చారు. ప్రశ్నలు అవే. కానీ వాళ్లు వేళ్లు ముడుస్తూ, పెదవులు కదుపుతూ ఆలోచించడం మొదలుపెట్టారు. ఆలోచించేవాళ్ల కోసం శాస్త్రి బెత్తం ఆగలేదు.

"సున్నా!" అన్నాడు శాస్త్రి తీర్పుగా. "మహాప్రభో, మగపిల్లలు తరగతికి మూడు మెట్లు పైన. ఆడపిల్లలు మూడు మెట్లు కింద. బ్రహ్మగారే అలా చేశారు, మనమేం చేస్తాం?"

"అయితే ఆడపిల్లల బడి ఎందుకు?" అన్నాడు రాజు. "మూసేయండి. ఆ గదులు మగపిల్లలకిద్దాం. వీళ్లు రేపట్నుంచి కోటలో వడ్లు దంచుతారు."

వరస చివర నిలబడ్డ కోనమ్మ అనే పిల్ల కళ్లనిండా నీళ్లు నింపుకుంది. కిందికి రానివ్వలేదు.

అప్పుడు లేచింది ఓబులమ్మ. ఆ సభలో మాటకారితనానికి జీతం పుచ్చుకునే ఒకే ఒక ఆడది. ఆవిడ ఇల్లు బడి గోడకు ఆనుకునే ఉంటుంది. ఆ నెలంతా ఆవిడ చెవులు మూసుకోలేదు.

"మహారాజా, ఇంత తెలివైన మగపిల్లల్ని నేనూ మూడు ప్రశ్నలు అడిగి తరిస్తాను. ఆ బెత్తం ఇప్పించండి."

శాస్త్రి నవ్వాడు. "నీకు లెక్కలెందుకమ్మా? పప్పులో ఉప్పెంతో తెలిస్తే చాలదూ?"

"మా ఆడవాళ్లకు ఆ లెక్క తప్పితే మీరు విస్తరి విసిరికొడతారుగా స్వామీ. మీ లెక్క తప్పితే ఎవరూ విసరరు. అందుకని సరదా పుట్టింది."

రాజు తల ఊపాడు. ఓబులమ్మ బెత్తం అందుకుని మగపిల్లల ముందు నిలబడింది.

"మన మహారాజుగారికి తలలెన్ని నాయనా?" టక్!

"పన్నెండు!"

సభలో ఎవరో దగ్గారు. రాజు చేయి తల మీదికి వెళ్లింది.

"మన శాస్త్రిగారికి కాళ్లెన్ని?" టక్!

"నాలుగు!"

శాస్త్రి పంచె సర్దుకున్నాడు.

"ఇంత గొప్పగా చదువు చెప్పిన ఈ గురువుగారికి కొరడా దెబ్బలెన్ని వేయాలి?" టక్!

"నూట ఇరవై ఐదు!"

"తప్పు! తప్పు మహాప్రభో!" శాస్త్రి కెవ్వుమన్నాడు. "ఈ వెధవలకేమీ తెలియదు!"

ఓబులమ్మ ఆశ్చర్యపోయినట్టు బుగ్గన వేలు పెట్టుకుంది.

"అదేంటి స్వామీ, మూడు మెట్లు పైనున్నవాళ్లు తప్పెలా చెబుతారు? జవాబు ఒప్పంటే కొరడా తెప్పిస్తాం. తప్పంటే మీ పరీక్షే తప్పు. మీరే తేల్చండి."

శాస్త్రి కొత్వాలు నడుముకున్న కొరడా వైపు చూశాడు.

"పరీక్షే... పరీక్షే తప్పు."

"బెత్తం మొదటి చప్పుడుకు ఒకటో జవాబు, రెండో చప్పుడుకు రెండో జవాబు అంటూ నెలంతా వల్లె వేయించారు మహారాజా. పాపం, పిల్లలదేముంది? ఆ నెలంతా ఆడపిల్లల్ని బడి ముందు కళ్లాపి చల్లడానికి, నీళ్లు మోయడానికి పంపారు. బ్రహ్మగారికి ఆ పని ఎవరు చెప్పారో శాస్త్రిగారినే అడగాలి."

రాజు ముఖం ఎర్రబడింది. కోనమ్మను ముందుకు పిలిచాడు. "బెత్తం లేదు. తొందర లేదు. రెండు వందల పదహారుకు ఘనమూలమెంత?"

కోనమ్మ కూర్చుంది. నేల మీద వేలితో గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. మంత్రిగారు కూడా గుట్టుగా వేళ్లు లెక్కపెట్టుకుంటున్నారు.

"ఆరు" అంది కోనమ్మ.

మంత్రిగారు ఇంకా మొదటి చేతి దగ్గరే ఉన్నారు.

"భేష్!" అన్నాడు రాజు. "ఆడపిల్లల బడి మూయడం లేదు. పైగా ఈ రోజు నుంచి దాని పెత్తనం ఓబులమ్మది. ఇక ఈ శాస్త్రి మళ్లీ మొదట్నుంచి చదువుకోవాలి. చెప్పు పిల్లా, ఈయన్ని మీ తరగతిలో కూర్చోబెట్టనా?"

కోనమ్మ శాస్త్రిని కింది నుంచి పైదాకా చూసింది. కాసేపు నిజంగానే ఆలోచించింది.

"మా తరగతిలో వద్దు మహారాజా. ఈయన కోసం ఆగితే మేం వెనకబడిపోతాం."

సభంతా పగలబడి నవ్వింది. రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి కోనమ్మ మెడలో వేశాడు. శాస్త్రి ఆ నవ్వులోంచే, భుజం మీది శాలువా జారిపోతున్నా చూసుకోకుండా, ఒకటో తరగతి గది ఎటో వాకబు చేస్తూ బయటికి నడిచాడు.