మూడో మలుపు వేణ్ణీళ్ళు

అనగనగా, కొండలకి ఇంకా రోడ్డు అలవాటు కాని రోజుల్లో, నెమలికొండ కింద బూరుగువలస అని ఒక ఊరు. ఆ ఊరికి ఒక్కటే కారు. ఆ కారుకి ఒక్కటే ఇంజను. ఆ ఇంజనుకి ఒక్కటే పాట. డుబుకు డుబుకు డుబుకు.

కారు ఎర్రన్నది. ఎర్రన్న పోయాక ఆయన పెళ్ళాం బంగారమ్మది. బతికుండగానే ఎర్రన్న, కోతలైపోయిన మడిచెక్కల్లో కూర్చోబెట్టి ఆమెకి బండి తోలడం నేర్పాడు. "ఆడది బండి తోలడమేటి?" అని ఊరు మూడు నెలలు నవ్వింది. నాలుగో నెలలో ఎర్రన్న ఊళ్ళో లేనివేళ నాయుడిగారి కోడలికి నొప్పులొస్తే బంగారమ్మే తోలుకెళ్ళింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

నెమలికొండ మీదికి తొమ్మిది మలుపులు. పైన గూడెం. గూడెంలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి నొప్పులొచ్చినా ఆ కారే దిక్కు. కారు కంటికి కనిపించకముందే పాట వినిపించేది. డుబుకు డుబుకు డుబుకు. "ఎర్రన్న వస్తన్నాడు!" అని గూడెం గూడెమంతా రోడ్డు మీదికొచ్చేది. ఎర్రన్న పోయి ఎన్నేళ్ళయినా వాళ్ళు "బంగారమ్మ వస్తంది" అనలేదు. "ఎర్రన్న వస్తన్నాడు" అనే అనేవారు. బంగారమ్మకి ఆ మాట వింటే చాలు. స్టీరింగు మీద తన చేతుల పక్కన ఇంకో రెండు చేతులున్నట్టే ఉండేది.

చోళ్ళు, అంటే రాగులు, కోసే కాలంలో ఒకరోజు గూడెంలో ఒక ముసలాయనకి విషజ్వరం పట్టింది. బంగారమ్మ పైకెళ్ళింది, ఆయన్ని తెచ్చింది, పట్నం ఆసుపత్రిలో దింపింది. తిరిగొస్తుంటే తాటితోపు దగ్గర పాట ఆగిపోయింది. వెనకనుంచి సాంబ్రాణి ధూపంలా తెల్లటి పొగ. మళ్ళీ తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు ఎడ్లు కట్టి కారుని ఇంటికి లాక్కొచ్చారు. పెళ్ళికూతురిని ఊరేగించినట్టు లాక్కొచ్చారు గానీ వెనక ఏడుస్తూ నడిచింది బంగారమ్మ ఒక్కతే.

పాతసామాన్లాయన వచ్చి చెప్పాడు. "తూకానికి ఇచ్చీమ్మా. ఇనుముకేటి ప్రేముంటది?"

నాయుడుగారు వచ్చి చెప్పాడు. "ఒక ఎద్దు పోతే ఇంకో ఎద్దుని కడతాం. ఇంజను మార్చీ."

మూడో మాట చెప్పింది ఆమె గుండె. "మార్చకే బంగారీ. ఆ ఇంజనులో ప్రతి బోల్టూ ఆయన బిగించిందే. అందులో ఎర్రన్న చెయ్యి ఉంది కదా."

ఆ సాయంత్రమే గూడెం నుంచి కబురు. "మా సుకిరికి తొలిచూలు. వచ్చే పున్నానికి. నువ్వే రావాలి అమ్మా."

బంగారమ్మ గౌరీసు దగ్గరికెళ్ళింది.

గౌరీసు ఊరి చివర తాటాకు పాకలో మెకానిక్కు. పొట్టిమనిషి, పలచటి మనిషి. ఏ సబ్బుకీ వదలని నల్లటి గోళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. వైద్యుడు నాడి చూసినట్టు. అతని పాకలో ఒక విచిత్రం ఉండేది. చెక్కదిమ్మల మీద ఒక ఇంజను. దానికి బండి లేదు, చక్రాలు లేవు, ఉత్త ఇంజను. ఇక్కడో ముక్కా అక్కడో ముక్కా ఏరి, ఇరవై ఏళ్ళు కూర్చాడు. పెళ్ళయిన కొత్తలో పెళ్ళాం పోలమ్మకి మాటిచ్చాడట, సముద్రం చూపిస్తానని. ఇంజనయితే అయింది. కారే కాలేదు.

అయినా ఆదివారం ఆదివారం దాన్ని నడిపించేవాడు. దాని ముందు నులకమంచం వేసుకుని మొగుడూ పెళ్ళాలు కళ్ళు మూసుకుని కూర్చునేవారు.

"ఎందాకా వచ్చేం?" అనేది పోలమ్మ.

"గజపతినగరం దాటేం."

"మెల్లిగా పోనీ, ఈవేళ సంత. జనం అడ్డొస్తారు."

దారిన పోయేవాళ్ళు పాకలోకి తొంగిచూసి, "గౌరీసూ, బండి లేని ఇంజనెక్కి ఏ ఊరెళ్తన్నావురా?" అని పగలబడి నవ్వేవారు. గౌరీసు కూడా నవ్వేవాడు. "టిక్కట్టు లేనోలికి సెప్పకూడదు" అనేవాడు.

ఆ గౌరీసు బంగారమ్మ కారు మూత ఎత్తాడు.

మొదటి రోజు నూనెపుల్ల బయటికి లాగాడు. నూనె నల్లగా ఉండాలి. మజ్జిగలా తెల్లగా ఉంది.

"నీళ్ళు నూనెలోకి దిగిపోయేయి వొదినా. లోపల ఎక్కడో బీటేసింది."

"ఎందుకు బీటేసింది మరిదీ?"

"ఆ రోజు కొండ మీద బండి ఆగిందేటి?"

"మూడో మలుపు కాడ పొగలు కక్కింది. చేలోంచి గూడెం ఆడోలు పరిగెత్తుకొచ్చేరు. 'బండికి దాహం, బండికి దాహం' అని ఊట నీళ్ళు తెచ్చేరు. మంచులా ఉన్నాయి. గబగబా పోసేను. పాపం, దాహం తీరి సక్కగా ఎక్కింది."

గౌరీసు తల ఇంజనులోకి ఇంకా కిందికి వంగింది. చాలాసేపు పైకి లేవలేదు.

"ఎందుకు బీటేసిందంటావు?" అంది మళ్ళీ.

"వయసు వొదినా. ముసలిదైపోయింది."

రెండో రోజు బీట దొరికింది. వెంట్రుకంత సన్నం, జానెడు పొడుగు. గౌరీసు దానికి అతుకు పెట్టాడు. పొద్దు వాలేవేళకి తాళం తిప్పాడు. డుబుకు డుబుకు డుబుకు. బంగారమ్మ మూత మీద చెంప ఆనించి ఏడ్చింది. వేడిగా ఉంది. అచ్చం మనిషి ఒంటి వేడి.

"ఇంతకీ ఎందుకు బీటేసింది మరిదీ?"

"ఘాటీ వొదినా. ఎక్కీ ఎక్కీ అలిసిపోయింది."

మూడో రోజు, "కొండ మొదలుదాకా పోయొద్దాం" అన్నాడు గౌరీసు. పల్లంలో కారు పాడింది. చెరుకుతోటల పక్కన పాడింది. మొదటి మలుపు సగం ఎక్కాక మళ్ళీ తెల్లటి పొగ. పుల్ల లాగితే మళ్ళీ మజ్జిగ.

బంగారమ్మ మూడోసారి అడిగింది. "ఎందుకిలాగయింది? నాను సరిగ్గా సూసుకోలేదా?"

"నీ తప్పేటుంది? ఇంజన్లకి కూడా రుణం తీరిపోద్ది వొదినా."

పాకకి తిరిగొచ్చాక బంగారమ్మ అంది. "ఇంకోపాలి అతుకు పెట్టు."

"పెడతాను. పల్లంలో పదేళ్ళు పాడుద్ది. కొండెక్కదు."

చెప్పకుండా ఊరుకున్నా ఆమెకి తెలిసేది కాదు, మళ్ళీ కొండెక్కేదాకా. కానీ గౌరీసు చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడు.

బంగారమ్మ కొండవైపు చూసింది. పైన గూడెంలో సుకిరి ఉంది. పదిహేడేళ్ళ గుంట, నవ్వితే చిగుళ్ళన్నీ కనబడతాయి. కింద తను ఉంది. తన చేతి పక్కన ఆ రెండు చేతులు. ఈ ఇంజను తీసేస్తే "ఎర్రన్న వస్తన్నాడు" అని ఇంకెవరంటారు?

"పున్నం ఎన్నాళ్ళుంది?"

"ఆరు రోజులు."

"మార్చీ" అంది. "అయితే ఇంజనెక్కడ దొరుకుద్ది?"

పట్నానికి కబురెట్టి, వాళ్ళు వెతికి, బండి మీద వేసి పంపేసరికి నెల దాటుద్ది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ గోడకేసి చూశారు. చెక్కదిమ్మల వైపు బంగారమ్మ చూడకూడదని చూడలేదు. గౌరీసు చూడలేక చూడలేదు.

పోలమ్మ అంబలి చెంబు పట్టుకొచ్చింది. ఇద్దర్నీ చూసింది.

"గోడకేసి సూస్తారేటి ఇద్దరూ? ఇంజను ఇటుంటే!"

"పోలీ, అది నిన్ను సముద్రానికి..."

"సముద్రం ఎక్కడికీ పోదు. పున్నం ఆగదు. ఇచ్చీ."

గౌరీసు మూడు పగళ్ళు పనిచేశాడు. పాత ఇంజను దింపాడు, కొత్త కన్నాలు తొలిచాడు, తన ఇంజను ఎక్కించాడు. పాతదాన్ని పారెయ్యలేదు. తుడిచి, నూనె రాసి, ఖాళీ అయిన చెక్కదిమ్మల మీద కూర్చోబెట్టాడు. కొత్త ఇంజనుకి వేరే పాట. గుడుగుడుగుడుగుడు. బంగారమ్మ విన్నది. బాగానే ఉంది. పరాయిగా ఉంది.

పున్నానికి ఇంకా రెండు రోజులుండగా పొద్దున్నే గూడెం మనిషి పరిగెత్తుకొచ్చాడు. "సుకిరికి నొప్పులు!"

"ఇంజనుకి కొత్త కాపరం, అలక్కి లేస్తదేమో, నానూ వస్తాను" అని గౌరీసు కారెక్కాడు. జన్మలో ఎన్నో ఊళ్ళ కార్లు బాగుచేశాడు గానీ ఘాటీ ఎక్కడం అదే మొదటిసారి.

ఒకటో మలుపు దాటారు. రెండో మలుపు దాటారు. మూడో మలుపు కాడ పొగలు. బంగారమ్మ ఆపింది. అప్పుడే గూడెం ఆడవాళ్ళు చోడిచేలోంచి పరిగెత్తుకొచ్చారు. చేతుల్లో ఊట నీళ్ళ కుండలు. "బండికి దాహం! బండికి దాహం!" బంగారమ్మ కుండ అందుకుంది. గౌరీసు ఎగిరి దూకి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగొదినా."

"పైన గుంట సచ్చిపోతంది! ఆగడమేటి!"

గౌరీసు ఆడవాళ్ళ వైపు తిరిగాడు. ఆ మొహాల్లో ఎంత ఆపేక్షో! ఏ మాట అంటే ఆ ఆపేక్ష విరక్కుండా ఉంటుందోనని వెతుక్కున్నాడు.

"అమ్మలారా, మీ గూడెంలో బాలింతకి ఏ నీళ్ళిస్తారు?"

"కాచిన నీళ్ళు బాబూ. చన్నీళ్ళిస్తే చెడిపోదా?"

"అదే కదా. ఇది కూడా ఇప్పుడు బాలింతే. కన్నంత కష్టం పడి మూడు మలుపులెక్కింది. కూసింత సేపు ఊపిరి తీసుకోనివ్వండి. అప్పుడు గోరువెచ్చగా ఇద్దాం."

"ఓలమ్మో, నిజమే!" అన్నారు ఆడవాళ్ళు. మూడు రాళ్ళు పెట్టారు. చితుకులు ఏరారు. కుండ పెట్టారు. ఒకావిడ తన కొంగుతో కారు మూతకి విసరడం మొదలుపెట్టింది.

బంగారమ్మ కదల్లేదు. కుండ ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. కుండ చల్లదనం అరిచేతుల్లోంచి గుండెదాకా పాకింది. ఆ రోజు కాగిన ఇనుము మీద పోసిన మంచులాంటి నీళ్ళు. జానెడు బీట. వయసు వొదినా. ఘాటీ వొదినా. రుణం వొదినా. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అతను తప్పు తీసి ఇంకెక్కడో పెట్టాడు.

సెగ తగ్గింది. గౌరీసు గుడ్డ చుట్టి నీళ్ళ డబ్బా మూత తిప్పాడు. తాళం తిప్పమని, ఇంజను నడుస్తుండగానే గోరువెచ్చటి నీళ్ళు చిన్న ధారగా పోశాడు. కారు తొమ్మిది మలుపులూ ఎక్కింది. ఈ పాట ఎవరికీ తెలీదు కాబట్టి ఎవరూ రోడ్డు మీదికి రాలేదు. బంగారమ్మే ఇంటింటికీ పరిగెత్తి, సుకిరి గుమ్మం వెతుక్కుని, ఆ గుంటని రెండు చేతుల మీద తెచ్చి కార్లో పడుకోబెట్టింది. పట్నం ఆసుపత్రిలో మధ్యాహ్నానికి సుకిరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆసుపత్రి మెట్ల మీద బంగారమ్మ అడిగింది. "నా చేతి నీళ్ళేనా మరిదీ?"

గౌరీసు గోళ్ళు చూసుకున్నాడు. "నీ చేతి నీళ్ళతోటే కదొదినా, ఆ రోజు విషజ్వరం ముసలోడు బతికేడు. నాకు అదే కనబడింది."

తర్వాత ఒక చలికాలం బంగారమ్మ గౌరీసునీ పోలమ్మనీ ఎక్కించుకుని సముద్రానికి తీసుకెళ్ళింది. పోలమ్మ చీర తడుపుకుని, చిన్నపిల్లలా కేకలేసి, ఉప్పునీళ్ళు తాగి ఉమ్మేసింది. గౌరీసు కారు దిగలేదు. "రా బావా, రా!" అని పిలిచింది. "ఉండే, ఇంజను ఎంత బాగా పాడతందో" అన్నాడు కళ్ళు మూసుకుని.

కొన్నేళ్ళకి ఒక వానాకాలం గౌరీసు పోయాడు. పాకలో, నులకమంచం మీద, నిద్రలోనే పోయాడు. కబురందగానే గూడెం ఆడవాళ్ళు వానలో తొమ్మిది మలుపులూ నడిచి దిగారు. ఆఖరి స్నానానికని తలా ఒక కుండ వేణ్ణీళ్ళు నెత్తిన పెట్టుకుని దిగారు. ఊళ్ళోకి వచ్చేసరికి అన్నీ చల్లారిపోయాయి. "చన్నీళ్ళు మా బాబుకి పొయ్యం" అన్నారు. పాక ముందు మూడు రాళ్ళు పెట్టి మళ్ళీ కాచారు. సుకిరి కూతురు పొయ్యిలోకి చితుకులందించింది.

ఆ రోజు నుంచీ మూడో మలుపు దగ్గర పొయ్యి ఆరలేదంటారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద లారీలు పోతాయి, బస్సులు పోతాయి, మెరిసే కొత్త కార్లు పోతాయి. పోతున్నవాళ్ళు అక్కడ ఆగి, మూత మీద అరచెయ్యి పెట్టి, అది చల్లబడేదాకా కూర్చుంటారు. గూడెంలో ఎవరో ఒకరు వచ్చి గోరువెచ్చటి నీళ్ళ కుండ పెట్టి పోతారు. తొందరపడేవాణ్ణి చూస్తే, "బాలింత బాబూ, ఆగు" అంటారు.

అక్కడి ఇళ్ళల్లో ఇంకో మాట కూడా ఉంది. తెలియక ఎవరైనా తప్పు చేస్తే, కోడలు పాలు పొయ్యిలోకి పొంగిపోనిచ్చినా, కొడుకు పగ్గం విప్పి ఎద్దుని పోగొట్టినా, పెద్దవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు.

"సెప్పు. సెప్పాలి మరి. కానీ గౌరీసులా సెప్పు."