నేర్చుకునే బండి

మెకానిక్ ఎల్లాజీ పందొమ్మిది రోజులుగా ఒక బండి దగ్గు మాన్పించలేక నానా తంటాలు పడుతున్నాడు.

అది అలాంటిలాంటి బండి కాదు. ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు, యాభై ఏళ్ళ నాటిది. పొడవాటి ముక్కు, రెండే తలుపులు. స్టార్ట్ చేస్తే విశాఖపట్నంలో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేది. ఓడ కెప్టెనుగా చేసి రిటైరైన చిదంబరంగారిది. గాలిలో పెట్రోలు కలిపే పాతకాలపు కార్బురేటర్ తీసేసి, కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు మాత్రమే చిమ్మే ఇంజెక్షన్ పెట్టమని ఆయన అడిగాడు. చుట్టుపక్కల షెడ్లలో అంతవరకూ ఎవరూ చెయ్యని పని. ఎల్లాజీ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నవాడు ఊరుకోవచ్చు కదా. తనకు పని నేర్పిన తవిటయ్య మేస్త్రి దగ్గరికి పనిగట్టుకుని వెళ్ళి, "ఇంక సెవితో పనిలేదండి మేస్త్రిగారూ, అంతా కంప్యూటర్ పెట్టే సూసుకుంటాది" అని చెప్పి వచ్చాడు. ఇంజను పక్కన చెవి ఒగ్గి, కార్బురేటర్ స్క్రూ కాస్తంత తిప్పి, ఎంత మొండి బండినైనా దారికి తెచ్చే మనిషి తవిటయ్య. ఆయన నవ్వి, "మంచిదే" అన్నాడు.

ఇప్పుడు ఆ పెట్టె ఏమీ చూసుకోవడం లేదు. రోడ్డెక్కిన కాసేపటికే బండి దగ్గుతుంది. కూడలి వచ్చేసరికి ఆగిపోతుంది. ఆదివారానికి కుదరకపోతే పాతదే బిగించెయ్యమని కెప్టెన్‌గారు కబురు పంపాడు. అదే జరిగితే ఇక జన్మలో కొత్త పనికి చెయ్యి చాపే ధైర్యం తనకు ఉండదని ఎల్లాజీకి తెలుసు. సిగ్గు చంపుకుని, శనివారం తెల్లవారుతూనే మేస్త్రి ఇంటి ముందు బండి ఆపాడు. ఆపాడంటే, అదే ఆగింది.

తవిటయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పాత మాట ఎత్తలేదు.

"ఆ పెట్టె ఏటి సేత్తాది?" అని అడిగాడు.

"పొగగొట్టంలో ఓ ముక్కులాంటిది ఎట్టానండి. పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో అది పొగని బట్టి పెట్టెకి సెప్తాది. పెట్టె సర్దుకుంటాది. బండి తిరిగేకొద్దీ దానంతటదే నేర్సుకుంటాది."

"మరి నేర్సుకుందా?"

"ఎక్కడండీ! దగ్గిందంటే లాప్‌టాప్‌తో పెట్టెలోదంతా సెరిపేసి కొత్త అంకెలు ఎక్కిత్తన్నాను. అయినా కుదిరి సావట్లేదు."

"ఎన్నిసార్లు సెరిపావు?"

ఎల్లాజీ వేళ్ళు మడవడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాడు. "రోజుకి మూడు నాలుగు సార్లండి."

తవిటయ్య బండి తలుపు తీశాడు. ముందు సీట్లో ఉన్న లాప్‌టాప్ వైరు ఊడదీశాడు. భుజం మీది తువ్వాలు తీసి, పసిబిడ్డను చుట్టినట్టు దాన్ని చుట్టి, ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చాడు. వచ్చి, ఆ ఖాళీ సీట్లో తాను కూర్చున్నాడు.

"పోనీ, భీమిలి దాకా."

"దారిలో ఆగిపోతేనండీ?"

"మళ్ళీ స్టార్టు సెయ్యి."

సముద్రం మీంచి మంచు లేచి రోడ్డంతా పరుచుకుంది. ఎక్కడ కొండో ఎక్కడ నీళ్ళో తెలియడం లేదు. వలలు మోసుకుంటూ మనుషులు మంచులోంచి వచ్చి మంచులోకే వెళ్ళిపోతున్నారు. బండి నేల మీద పోతోందో, నీళ్ళ మీద తేలుతోందో ఎల్లాజీకి అంతుపట్టలేదు.

రుషికొండ దగ్గర దగ్గింది. ఎల్లాజీ చెయ్యి అలవాటు కొద్దీ పక్క సీటు మీదికి పోయింది. మేస్త్రి మోకాలు తగిలి వెనక్కి తీసుకున్నాడు.

"రోడ్డు సూడు" అన్నాడు తవిటయ్య, కళ్ళు మూసుకునే.

మంగమారిపేట దగ్గర ఆగిపోయింది. ఎల్లాజీ ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ తాళం తిప్పాడు. కదిలింది. కాస్త దూరం పోయాక ఇంకోసారి దగ్గింది గాని, ఆగలేదు. మేస్త్రి తల సీటుకు ఆన్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడో, వింటున్నాడో.

ఆ మంచులో ఎల్లాజీకి పనిలో చేరిన కొత్తరోజులు గుర్తొచ్చాయి. మొట్టమొదటిసారి కార్బురేటర్ విప్పి మళ్ళీ బిగిస్తే, బల్ల మీద రెండు ముక్కలు మిగిలిపోయాయి. భయంతో చెమటలు పట్టాయి. మేస్త్రి తిట్టలేదు, చేతిలోంచి పానా లాక్కోలేదు. పక్కనే స్టూలు వేసుకుని టీ తాగుతూ కూర్చున్నాడు. ఎల్లాజీ మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు. పొద్దు గుంకేదాకా ఆ మనిషి స్టూలు దిగలేదు.

ఎర్రమట్టి దిబ్బలు దాటాక ఎప్పుడో తట్టింది, బండి దగ్గి చాలాసేపయిందని. ఎక్కడ మానిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

భీమిలిలో సముద్రం ఒడ్డున ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు. ఎనిమిది సిలిండర్లూ ఒక్క ఊపిరితో ఆడుతున్నాయి. బానెట్ మీద అరచెయ్యి ఆన్చి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక పాతది బిగించక్కర్లేదు.

తవిటయ్య కూడా దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. మంచు విడుతోంది. తానన్న మాటకు క్షమించమని అడగాలనుకున్నాడు ఎల్లాజీ. నోరు తెరిచేసరికి ఇంకో మాట వచ్చింది.

"మేస్త్రిగారూ, నాకు పని వంటబట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?"

తవిటయ్య సముద్రం వైపు తిరిగాడు.

"ఏటో, నాకేటి తెలుసు? నేను మద్దెలో సెరపలేదు గదా."