కుందమాంబ రాణి పోయాక

అనగనగా ఒక ఊళ్ళో, కాలవగట్టు పక్కన పెంకుటింట్లో, ఒక అత్తగారూ ఒక కోడలూ ఉండేవారు. కాళ్ళు ముడుచుకో నాన్నా, దుప్పటి కప్పుతా. ఆ, అత్తగారి పేరు ఆండాళ్ళమ్మ. కోడలి పేరు వకుళ. మగవాళ్ళు పొద్దున్నే పనికి పోతే పగలంతా ఇంట్లో వాళ్ళిద్దరే.

ఆండాళ్ళమ్మకి కళ్ళలో నీటికాసుల జబ్బొచ్చి చూపు పోయింది. పుస్తకం లేకపోతే ముద్ద దిగని మనిషాయె! అందుకని మధ్యాహ్నం గిన్నెలు కడగడం అవగానే వకుళ చెయ్యి తుడుచుకుని, మంచం పక్కన పీట వేసుకుని చదివి వినిపించేది. కుందమాంబ అని ఒక రాణి కథ, ఏడు పుస్తకాలు. వకుళ చదువుతుంటే గది గోడ కోట గోడ అయిపోయేది. వీధిలో ఎడ్లబండి పోతుంటే ఏనుగులు నడిచేవి. చూపు లేని ఆవిడకీ అన్నీ కనబడేవి.

ఆ తర్వాత ఒకనాడు ఏడో పుస్తకం అయిపోయింది. కుందమాంబ కన్నుమూసింది. ఆండాళ్ళమ్మ లేచి, తడుముకుంటూ నూతి దగ్గరికి పోయి, నెత్తిన చెంబెడు నీళ్ళు గుమ్మరించుకుంది.

"ఇదేంటత్తయ్యా, వేళగాని వేళ స్నానం?" అంది వకుళ.

"ఇంట్లో మనిషి పోతే స్నానం చెయ్యరా? మనకి మూడు రోజులు మైల," అంది ఆవిడ.

వకుళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడు రోజులూ గడిచాయి. మైల పోయింది గానీ ఆండాళ్ళమ్మ మంచం దిగలేదు. అన్నం కలిపి పెడితే రెండు మెతుకులు నోట్లో వేసుకుని కంచం జరిపేసేది. చిక్కి సగమైంది. అప్పుడు వకుళకి నవ్వు పోయి భయం పట్టుకుంది. తల్లి లేని పిల్ల కదూ, ఉన్న ఒక్క పెద్దదిక్కూ కళ్ళముందే జారిపోతోందని లోపల్లోపల ఏడ్చుకుంది. ఎలాగైనా ఇంకో మంచి కథ వెతికి తేవాలనుకుంది.

మొదట అద్దె పుస్తకాల కొట్టుకి పోయి, అట్టమీద కత్తి దూసిన రాజు బొమ్మ ఉన్న నవల తెచ్చింది. అందులో రాజు ఒక్క వేటుకి వందమందిని నరికాడు.

"ఆ వందమంది ఇళ్ళల్లో ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో రాశాడా?" అంది ఆండాళ్ళమ్మ.

"లేదత్తయ్యా."

"అయితే మూసెయ్."

ఆ తర్వాత గ్రంథాలయానికి పోయి ఇటుకంత లావు పుస్తకం మోసుకొచ్చింది. ఏ రాజు తర్వాత ఏ రాజు, ఏ సంవత్సరం ఏ యుద్ధం, పేజీ తిప్పితే ఇంకో సంవత్సరం. "ఇది కథా, పంచాంగమా?" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నిజం చెప్పాలంటే వకుళకీ ఆవులింతలొచ్చాయి. నీకూ వస్తున్నాయే!

అప్పుడు వకుళ పక్కింటి రంగనాయకి దగ్గరికి పోయింది. రంగనాయకి వారపత్రికలో వచ్చే సీరియల్‌ని ఏ వారానికావారం చింపి దాచి, అన్నీ చేరాక దబ్బనంతో కుట్టి అట్ట వేసుకునేది. ఆ రోజుల్లో అందరూ అంతే. "ఇది వినిపించి చూడు," అని ఒక కుట్టిన కట్ట చేతిలో పెట్టింది.

అందులో ఒక కోట. చుట్టూ శత్రువులు. కోటలో ధాన్యం కొలిచే చెంగమ్మ అని చిన్న పిల్ల. గాదెలో గింజలు అడుగంటాయని ఆ పిల్లకొక్కదానికే తెలుసు. చెబితే సైనికులు బెదిరిపోయి కోట తలుపులు తీసేస్తారు. చెప్పకపోతే లోపల పసిపిల్లలు మాడిపోతారు. వకుళ చదువుతుంటే ఎండ మెల్లగా మెత్తబడింది, కాలవ మీద గాలి కోటలోకి వచ్చింది. ఆండాళ్ళమ్మ మోచేతిమీద లేచింది. ఆ కోట రాణి చెంగమ్మని పిలిచి, "పిల్లా, గింజలున్నాయా?" అని అడిగింది.

వకుళ కాగితం తిప్పింది. కథ ఇంకెక్కడికో పోయింది. మధ్యలో ఒక వారం లేదు!

"ముందుకి పోకు! ఆ పిల్ల ఏం చెప్పిందో తెలియకుండా నాకు ముందు కథ వద్దు," అని ఆండాళ్ళమ్మ కేకేసింది.

వకుళ పక్కింటి గోడ దగ్గరికి పరిగెత్తింది. "పిన్నిగారూ, ఒక వారం ఏదీ?"

"అయ్యో నా మతి మండా!" అంది రంగనాయకి. "ఆ కాగితం వెనక ఉసిరికాయ పచ్చడి పెట్టే విధానం ఉందమ్మా. మా చెల్లెలు అడిగితే చింపి పంపించేశాను."

వకుళ తిరిగొచ్చేసరికి ఆండాళ్ళమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. "నేను చెబుతున్నా విను. ఆ పిల్ల నిజం చెప్పదు. దాస్తుంది. గట్టి పిల్ల."

అత్తగారి మాటకి వకుళ ఏనాడూ ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు మాత్రం ఆగలేకపోయింది.

"చెబుతుందత్తయ్యా. చెప్పాలి."

"ఎందుకు చెబుతుంది?"

"ఎదురుగా మనిషి తిండి లేక చిక్కిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లకి తెలుసు కాబట్టి. మీకు తెలీదు. నాకు తెలుసు. ఇన్నాళ్ళనించీ నేను చూడటంలేదూ? నాకు భయంగా ఉందత్తయ్యా," అని వకుళ బావురుమంది.

ఆండాళ్ళమ్మ చెయ్యి చాపి, తడిమి తడిమి కోడలి తల దొరకబుచ్చుకుంది.

"మనింట్లో గింజలున్నాయా?" అంది.

"ఉన్నాయత్తయ్యా."

"అయితే లేచి అన్నం వార్చు. రెండు కంచాలు పెట్టు. నువ్వు చెప్పు, నేను కాదంటాను, తింటూ తేల్చుకుందాం."

అత్తా కోడలూ పక్కపక్కన కూర్చుని తినడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆండాళ్ళమ్మ మారు అన్నం అడిగి పెట్టించుకుంది.

ఆ కాగితమా? తర్వాత వచ్చిందిలే, నూనె మరకలతో. చెంగమ్మ చెప్పిందా లేదా అంటావా? నువ్వేమంటావో కళ్ళు మూసుకుని ఆలోచించు. ఆ... అలాగ.

కథమ్మ కంచికి వెళ్ళింది,
కునుకమ్మ కంటికి వచ్చింది,
మనమేమో ఇంటికి వచ్చేశాం,
దీపం తగ్గించి దుప్పటి కప్పేశాం.