దస్తగిరి తాత కత్తి ఇచ్చేశాడు

2019 జూలై 14, ఆదివారం. కదిరి దగ్గర మా గుట్ట మీద పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది గానీ చినుకు లేదు. పడమటి గాలికి తలమీద టోపీ నిలవడం లేదు.

ఆ గాలిలోనే నిసార్ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని దస్తగిరి తాత ముందు కూర్చున్నాడు. తాత ఆ గుట్ట మీది సూఫీ గురువు. నిసార్ ఆయన శిష్యుడు. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం, సెలవు దొరికితే ఇక్కడికే వస్తాడు. నేను టీ కోసం వస్తాను.

"తాతా, నేనొక తీర్పు చెప్పాల. తెగడం లేదు."

సంగతి ఏమిటంటే, అతని స్నేహితురాలు యామిని మూడేళ్లు కష్టపడి ఒక కంప్యూటర్ ఆట చేసింది. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు. అందులో మనం ఒక వీరుడి వేషం కట్టి ఎటైనా పోవచ్చు, ఎవరికైనా మాట ఇవ్వచ్చు. నిసార్ బాగుందంటే విడుదల చేస్తుంది. లేదంటే మూసేసి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటుంది. రేపటికల్లా చెప్పమంది.

"మంచి ఏముంది?" అన్నాడు తాత.

"వాన బాగుంది. సంగీతం బాగుంది. అడవిలో నడుస్తుంటే నిజంగా తప్పిపోయినట్టే ఉంటుంది."

"చెడ్డ?"

"వీరుడి గుర్రం ఒక్కోసారి ఇంటికప్పు మీద తేలుతుంది. ఊళ్లో జనం చెప్పిందే చెప్తారు."

"మన ఊళ్లోనూ అంతే," అన్నాను నేను.

మూడు రాజ్యాలున్న ఆ ఆటలో ఒక్క టీ బంకు లేదు. నేను బి.ఏ.లో చదివింది చరిత్రే. టీ లేకుండా అన్ని సైన్యాలు కదిలాయంటే ఇప్పటికీ నమ్మకం కుదరదు. అయితే నన్నెవరూ అడగలేదు.

"అసలు లోపం వేరే తాతా. భయం లేదు, బాధ లేదు. ఏం చేసినా మనసుకు తగలదు. దీంట్లో ప్రాణం లేదు."

తాత కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇట్లా తే."

ఏ మీట ఏమిటో నిసార్ చూపించాడు. తాత ఆడించే వీరుడు మొదట గోడకేసి నడిచాడు. చాలాసేపు గోడకేసే నడిచాడు.

"మొండోడు," అన్నాడు తాత, మెచ్చుకోలుగా.

తర్వాత కోట వాకిట్లో ఒక బిచ్చగాడు, "అయ్యా, నీ కత్తి ఇస్తావా?" అని అడిగాడు. తాత ఇచ్చేశాడు. బిచ్చగాడు కత్తితో పరుగో పరుగు.

నిసార్ లబోదిబోమన్నాడు. "వాడు దొంగ తాతా! అది మంత్రాల కత్తి! ఉండు, వెనక్కి పోదాం. ముందే సేవ్ చేసి పెట్టినా."

సేవ్ అంటే ఆటను ఆ క్షణం దగ్గర దాచుకోవడమట. ఏది చెడినా అక్కడికి వెనక్కి పోయి, జరిగింది జరగనట్టు మళ్లీ మొదలుపెట్టచ్చు.

తాత అతని చెయ్యి పక్కకు తోశాడు. "ఇచ్చేసినాను కదప్పా."

"కత్తి లేకుండా డ్రాగన్ దగ్గరికి ఎట్లా పోతావు?"

"నువ్వెట్లా పోయినావు?"

"నేను... చెడినప్పుడల్లా వెనక్కి పోయినా."

"ఎప్పుడూ చావలేదా?"

"చచ్చినా. వెంటనే వెనక్కి పోయినా."

తాత సత్రం ముసలమ్మ దగ్గర గరిటె ఒకటి దొరికితే దాన్నే పట్టుకుని కొండెక్కాడు. దారిలో తోడేలు ఎదురైంది.

"మెల్లగా తాతా! పక్కకు! చెట్టు చాటుకు పో!" అని అరిచాడు నిసార్. నా మోచెయ్యి పట్టుకున్న సంగతి కూడా అతనికి తెలియదు. గోళ్లు దిగాయి.

తోడేలు ఎటో పోయింది. డ్రాగన్ గుహ వాకిట్లో ఒక కాపలాదారు ఆపాడు. "లోపలికి పోయినవాళ్లు తిరిగి రాలేదు. నీ సొమ్ము ఎవరికి చెప్పిపోతావు?"

"ఈ మాట ఇక్కడ ఉందా?" అన్నాడు నిసార్. ఎన్నోసార్లు ఆ వాకిలి దాటాడు, ఒక్కసారీ చదవలేదట.

తాత నిదానంగా, అక్షరాలు వెతుక్కుంటూ ఒక్కొక్కటీ టైపు చేశాడు. లోపలికి పోయాడు. డ్రాగన్ ఒక్కసారి తుమ్మింది. అంతే.

నిసార్ వేలు వెనక్కి పోయే మీట మీదికి వెళ్లింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత దానంతటదే ఒళ్లోకి వచ్చేసింది.

ఫోన్ తీశాడు. "యామినీ, విడుదల చెయ్. గుర్రాన్ని మాత్రం కిందికి దించు."

తెరమీద చచ్చిన వీరుడు చెప్పిపోయిన మాటలు ఒక్కొక్క వరుసగా పైకి వస్తున్నాయి. గుర్రం సత్రం ముసలమ్మకు. చెప్పులు కాపలాదారుకు. ఒర, ఎవరి దగ్గర కత్తి ఉంటే వాడికి. వెంట వచ్చిన శిష్యుడికి ఏమీ లేదు.