నల్ల కంబళి

విరూపాక్షికి ఫోటో చూపిస్తే చాలు, అందులో తప్పు ఎక్కడుందో ఇట్టే చెప్పేసేవాడు. వెలుగు ఏ పక్క నుంచి పడిందో, నీడ ఎక్కడ చెడిందో, వెనకనున్న కరెంటు స్తంభం పెళ్ళికొడుకు తలమీద కొమ్ములా ఎలా మొలిచిందో, గడగడా వల్లించేవాడు. కాలేజీ లైబ్రరీలో ఫోటోల గురించి ఉన్న పుస్తకాలన్నీ నమిలి మింగాడు. స్నేహితులు తాము తీసిన ఫోటోలు అతనికి చూపించడం ఎప్పుడో మానేశారు. అది వాళ్ళ అసూయ అనుకున్నాడు, పాపం.

అతని ఆటలు సాగనిది ఒక్క దాదాపీర్ ఉస్తాద్ దగ్గరే.

ఆదోనిలో పత్తి మిల్లులకు పోయే దారిలో ఉండేది ఉస్తాద్ స్టూడియో. ఆయన అప్పటికే ముసలివాడు. చూపు కాస్త మందగించింది, చేతి పనితనం మాత్రం తగ్గలేదు. విరూపాక్షి ఆయన దగ్గరికి వెళ్ళింది ఫోటో తీయడం నేర్చుకోవడానికి కాదు, చూడడం నేర్చుకోవడానికి. ఆ మాటే చెప్పాడు.

"తీసేది నేర్పమంటే నేర్పుతా," అన్నాడు ఉస్తాద్. "చూసేది నాకే ఇంకా పూర్తిగా రాలేదు. ఉండు, ఇద్దరం కలిసి నేర్చుకుందాం."

అది పెద్దాయన వినయం కాబోలనుకుని విరూపాక్షి ఉండిపోయాడు.

ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఉస్తాద్ పాత ఫోటో ఒకటి బల్లమీద పెట్టి "చూడు" అనేవాడు. విరూపాక్షి చూసేవాడు, చెప్పేవాడు. అంతా ఓపిగ్గా విని ఉస్తాద్ "ఇంకా?" అనేవాడు. కుర్రవాడు మరికాస్త తవ్వి తీసేవాడు. "ఇంకా?" అనేవాడు ఉస్తాద్. చివరికి శిష్యుడి నోట మాట అయిపోయేది. ఉస్తాద్ ఫోటోను పెట్టెలో పెట్టేసి టీ తెప్పించేవాడు. బాగా చెప్పావనీ అనడు, తప్పు చెప్పావనీ అనడు.

నెలలు గడిచాయి. ఆ 'ఇంకా' అన్న మాట విరూపాక్షికి చెవిలో జోరీగ అయింది. పడుకున్నా అదే, అన్నం తింటున్నా అదే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "మీరు ఏం వినాలనుకుంటున్నారు ఉస్తాద్? అదేమిటో చెబితే అదే వెతుకుతాను కదా."

"అది నాకు తెలిసుంటే నిన్నెందుకు అడుగుతా నాయనా," అన్నాడు ఉస్తాద్. టీ చల్లారుతోందని గుర్తు చేశాడు.

అలాంటి రోజుల్లో ఉరుకుందమ్మ వచ్చింది.

మిల్లులో పత్తి ఏరే పని ఆమెది. జుట్టులో అక్కడక్కడ తెల్లటి దూది పోగులు చిక్కుకుని ఉన్నాయి. చంకలో ఇంకా సరిగా కూర్చోవడం రాని ఆడపిల్ల. గడప దగ్గరే నిలబడి, లోపలికి రావచ్చో లేదో అన్నట్టు చూసింది.

"రా తల్లీ," అన్నాడు ఉస్తాద్.

"సాయిబు తాతా, నేను చంటిబిడ్డప్పుడు మీ దగ్గర నాకొక ఫోటో తీయించినారంట. పెద్ద కరువొచ్చిన ఏడు. మా నాయన మిలిటరీలో ఉన్యాడు, ఆయనకు పంపనీకె తీయించినారంట. ఆ నాయన మళ్ళా రాలేదు, ఆ ఫోటో కూడా రాలేదు." ఆమె బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "నాకు అన్నం తినే వయసు రాకముందే మా అమ్మ చచ్చిపోయింది. ఆమె మొకం నేను చూడలేదు. మా పెద్దమ్మే నన్ను సాకినాది. మొన్న ఆ పెద్దమ్మ పోతా పోతా చెప్పినాది, ఆ ఫోటోలో మీ అమ్మ కూడా ఉండాదే, పోయి అడుగు అని."

"మీ అమ్మ కూడా కూర్చున్నదా ఫోటోకు?" అని అడిగాడు విరూపాక్షి.

"లేదంట. బాలింత ఫోటో దిగితే పాలు ఎండిపోతాయని మా నాయన తల్లి, మా జేజి, దిగనీలేదంట."

"మరి ఉందంటున్నావు?"

"పెద్దమ్మ ఉండాదనే చెప్పినాది," అంది ఉరుకుందమ్మ. అంతకు మించి ఆమెకూ తెలియదు. చంకలోని పిల్ల బుగ్గ నిమిరి, "అందరూ దీన్ని చూసి అచ్చం మీ అమ్మే అంటారు. అవునో కాదో నాకెట్ల తెలుస్తాది తాతా?" అంది.

ఉస్తాద్ ఆమెను శుక్రవారం రమ్మన్నాడు. ఆమె వెళ్ళాక రేకు పెట్టెలు దించి, కరువు నాటి నెగెటివులు ఒక్కొక్కటే వెలుగుకు పెట్టి చూస్తూ కూర్చున్నాడు. రెండు పూటలు వెతికాక ఒకదాన్ని పట్టుకుని చాలాసేపు ఆగిపోయాడు. దాన్ని తెచ్చి విరూపాక్షి చేతిలో పెట్టాడు.

"ఉన్నదున్నట్టు పెద్దది చెయ్యి. రేపు శుక్రవారం ఆయమ్మ వస్తాది."

డార్క్‌రూములో ఎర్రదీపం కింద, మందునీళ్ళ తొట్టిలో బొమ్మ మెల్లగా తేలింది. స్టూలు మీద ఒక పసిపిల్ల. కాళ్ళకు కడియాలు, కంటికి కాటుక, బుగ్గన దిష్టిచుక్క. వెనకంతా నలుపు. విరూపాక్షి ముందు ఆ పిల్ల తల్లికోసమే వెతికాడు. ఎక్కడా లేదు. ఎడమ అంచున, నల్లకంబళి మడతల్లోంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చి ఉంది. పిల్లను పట్టుకున్నా అర్థముండేది. అదీ లేదు. జానెడు దూరంలో ఊరికే తెరుచుకుని ఉంది.

స్టూడియోలో పనిచేసినవాళ్ళెవరో పిల్లను కూర్చోబెట్టి చెయ్యి తీయడం ఆలస్యం చేసుంటారని అనుకున్నాడు. పైగా పిల్ల కెమెరా వైపు చూడడం లేదు. చూపు ఆ అంచు వైపే పోయింది. బొమ్మను పాడు చేయడానికి ఈ రెండూ చాలు.

ఉరుకుందమ్మ మీద అతనికి నిజంగానే జాలి కలిగింది. ఆమెకు తల్లి ఎలాగూ దొరకదు, కనీసం తన పసితనమైనా అందంగా దొరకాలి కదా అనుకున్నాడు. ఉన్నదున్నట్టు చెయ్యమన్న గురువు మాట గుర్తుకు రాకపోలేదు. పెద్దాయనకు చూపు ఆనక అన్నాడులే అని సర్దిచెప్పుకున్నాడు.

ఫోటో ఆరాక స్కేలు పెట్టి, బ్లేడుతో ఎడమ అంచు కోసేశాడు. కోసిన పీలిక బుట్టలో పడింది. మిగిలిన బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. ఉస్తాద్ ఈసారి 'ఇంకా' అనలేడు అనుకున్నాడు.

మరుసటి రోజు ఉస్తాద్ మసీదు నుంచి రాకముందే ఉరుకుందమ్మ వచ్చింది. విరూపాక్షి ఫోటో ఇచ్చాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది. చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"ఇది నేనేనా?"

"నువ్వే అక్కా."

"అమ్మ యాడుంది?"

"ఇందులో లేదక్కా. ముసలామె కదా, పోయేముందు ఏదో అనుకుని చెప్పుంటుంది."

"మా పెద్దమ్మ అట్ల చెప్పే మనిషి కాదు," అంది ఉరుకుందమ్మ. ఫోటోను ఇంకోసారి చూసింది. తరువాత, ఎదుటివాడిని నొప్పించడం ఎందుకనుకుందేమో, "పోనీలే తమ్ముడా. బాగుంది," అంది.

బాగుంది అన్న మాట కోసమే విరూపాక్షి ఇన్ని నెలలు ఎదురుచూశాడు. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడే ఉస్తాద్ లోపలికి వచ్చాడు. ఫోటో తీసుకుని చూశాడు. ఆయన వేలు కొత్తగా కోసిన అంచు వెంట పైనుంచి కిందికి నెమ్మదిగా జరిగింది. విరూపాక్షి తిట్టుకు సిద్ధపడ్డాడు. తిట్టు రాలేదు. 'ఇంకా' కూడా రాలేదు.

ఉస్తాద్ లోపలికి పోయి, మడతలమీద దుమ్ము పట్టిన నల్ల కంబళి ఒకటి తెచ్చాడు. స్టూలును నల్లతెర ముందుకు జరిపాడు.

"తల్లీ, నీ బిడ్డను కాసేపు ఇస్తావా? విరూపాక్షీ, నువ్వు స్టూలు వెనక కూర్చో."

కూర్చున్నాడు. ఉస్తాద్ అతని నెత్తిమీదుగా కంబళి కప్పాడు. "ఒక చెయ్యి బయటికి పెట్టి బిడ్డను పట్టుకో," అన్నాడు.

కంబళి కింద చీకటి. ఉన్ని వాసన, కలరా ఉండల వాసన. విరూపాక్షికి ఏమీ కనిపించడం లేదు. అరచేతికి మాత్రం పిల్ల వీపు తగిలింది. అంత చిన్న వీపు. ఊపిరి తీసినప్పుడల్లా వేళ్ళ కింద పక్కటెముకలు కదులుతున్నాయి. వాటి వెనక గుండె టకటకా కొట్టుకుంటోంది.

"చెయ్యి ఫోటోలో పడుతోంది," అని కెమెరా దగ్గరనుంచి ఉస్తాద్ గొంతు వినబడింది. "తియ్యి."

విరూపాక్షి చెయ్యి తీశాడు. తీయగానే పిల్ల పక్కకు ఊగింది. చెయ్యి దానంతటదే మళ్ళీ వెళ్ళి వీపుకు ఆనింది.

"తియ్యి నాయనా."

ఈసారి మెల్లగా వెనక్కి జరిపాడు. జానెడు దూరం వచ్చాక అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా," అన్నాడు ఉస్తాద్.

చెయ్యి కదల్లేదు. చీకట్లో పిల్ల ఎక్కడుందో కళ్ళకు తెలియదు, ఆ చేతికొక్కదానికే తెలుసు. అది ఇంకాస్త వెనక్కి వచ్చేసిందంటే, పిల్ల ఒరిగితే అందదు.

"ఇంకా తియ్యి. ఫోటో చెడిపోతాది."

విరూపాక్షి పళ్ళు బిగించి చూశాడు. వల్లకాలేదు. వేళ్ళు విప్పుకుని అలాగే ఉండిపోయాయి.

బయట ఉస్తాద్ ఉరుకుందమ్మను అడుగుతున్నాడు. "బిడ్డ నా దిక్కు చూస్తాందా తల్లీ?"

"లేదు తాతా. కంబళి దిక్కే చూస్తాంది."

కంబళి కింద చాలాసేపు ఏ కదలికా లేదు. తరువాత విరూపాక్షి మెల్లగా బయటికి వచ్చాడు. పిల్లను ఎత్తి తల్లికి ఇచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా డార్క్‌రూములోకి పోయాడు. బుట్ట బోర్లించిన చప్పుడు వినబడింది.

తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో చుట్టుకుపోయిన కాగితం పీలిక ఉంది. బల్లమీద పెట్టి, గోటితో కాకుండా అరచేత్తో సాపు చేశాడు. ఫోటోను దాని పక్కకు జరిపాడు. కోసిన అంచులు రెండూ కలుసుకున్నాయి.

ఉరుకుందమ్మ ముందుకు వంగింది.

"ఇది ఎవరి చెయ్యి?"

"మీ అమ్మదక్కా."

బొమ్మలోని పసిపిల్ల చూపు ఎక్కడికి పోతోందో వెతుక్కుంటూ ఆమె చూపు ఫోటో మీదుగా నడిచి ఆ చేతి దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"మరి నన్ను పట్టుకోలేదేమి?" అని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు. "ఇట్ల దూరంగా పెట్టినాదేమి చెయ్యి?"

విరూపాక్షి వెలుగు గురించి, నీడ గురించి నేర్చుకున్న మాటలేవీ నోటికి రాలేదు.

"తియ్యమన్నారక్కా," అన్నాడు. "ఇంతకన్నా తియ్యలేకపోయింది."

ఉస్తాద్ తల వంచుకున్నాడు. "ఆ మాట అన్నోణ్ణి నేనే," అన్నాడు మెల్లగా.

ఉరుకుందమ్మ తన ఎడమచెయ్యి తీసి బల్లమీద, ఆ చెయ్యి పక్కన పెట్టింది. వేళ్ళు విప్పింది. చిటికెన వేలు రెండింటికీ కొన దగ్గర ఒకే వంపు తిరిగి ఉంది. ఆమె ఏడుస్తోంది, కానీ ఇందాకటి ఏడుపు కాదు. చంకలోని పిల్ల కిందికి వంగి ఆ రెండు చేతుల వైపూ చూసింది.

"మళ్ళీ చేసిస్తానక్కా," అన్నాడు విరూపాక్షి. "ఉన్నదున్నట్టు."

అతను నెగెటివు తీసుకుని డార్క్‌రూము వైపు కదిలాడు. గుమ్మం దగ్గర ఆగి, అలవాటు కొద్దీ, ఉస్తాద్ ఏమంటాడోనని వెనక్కి తిరిగాడు.

ఆయన కింద పడి ఉన్న కంబళిని తీసి, దుమ్ము దులిపి, పసిబిడ్డ బట్టలు మడిచినంత నెమ్మదిగా మడుస్తున్నాడు.