మూడో రోజు ఎండస్నానం

సరుగుడు తోపులో ఆ ఏడు గడ్డి ఉగాదికే మాడిపోయింది. మేకలు తుమ్మముళ్లు నములుతున్నాయి. గాడిద పాత చేపలబుట్ట నములుతోంది. ఎదురుగా సముద్రంలో, రెండు కూతవేట్ల దూరాన, ఒక దీవి పచ్చగా కనిపిస్తూ అందరి కడుపూ మండించేది. ఒడ్డంతా కొబ్బరిచెట్లు, నడుమ మొగలిపొదలు.

పున్నమికీ అమావాస్యకీ సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. అప్పుడు తోపు నుంచి దీవి దాకా ఒక ఇసుకదారి తేలుతుంది. అదీ మూడంటే మూడు రోజులు, మధ్యాహ్నం దాటాక కాసేపు. రాత్రి నీళ్లు అంతగా తగ్గవు. మూడు రోజులూ అయ్యాక ఆ దారి మళ్లీ పన్నెండు రోజులు మునిగే ఉంటుంది.

ఆ దారిన జంతువుల్ని విహారానికి తీసుకెళ్లేది నక్క. విడతకు ముగ్గుర్ని.

"మొదటిరోజు కొబ్బరి," అంటూ మొదలుపెట్టేది. "రాలిన కాయలు పగిలి పడుంటాయి, పొట్ట పట్టినంత తినొచ్చు. రెండోరోజు మడుగులో స్నానం. నీళ్లు అద్దమే అనుకోండి. మూడోరోజు తెల్లటి ఇసుకలో కాళ్లు చాపుకుని ఎండస్నానం. సాయంత్రానికి ఇంటి దగ్గర దింపేస్తా."

"దీనికి మేమేం ఇవ్వాలి మావా?" అంది చుక్కి అనే మేక.

"ఏమీ వద్దమ్మాయ్. మీ సంతోషమే చాలు."

చుక్కికి లెక్కల పిచ్చి. కొమ్మకు ఎన్ని ముళ్లున్నాయో చూసుకుంటే గానీ నోరు పెట్టదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఈ మావ అడక్కుండానే పెడుతున్నాడేమిటని దానికి మొదటినుంచీ అనుమానం.

"ఇప్పటికి ఎంతమంది వెళ్లారు?"

"రెండు విడతలు. ఆరుగురు."

"తిరిగొచ్చింది?"

"అంత బాగున్నచోటు నుంచి ఎవరొస్తారే పిచ్చిదానా? మీ అక్క బొల్లినే చూడు. రమ్మంటే రానంది. 'నా చెల్లెల్ని కూడా తీసుకురా మావా' అని నా కాళ్లావేళ్లా పడింది."

చుక్కి లెక్క అక్కడ తప్పింది. అనుమానం ఉంది, కానీ అక్కను చూడాలన్న ఆశ దానికంటే పెద్దది. పున్నమినాడు పొట్టేలుతో, గాడిదతో కలిసి ఇసుకదారి ఎక్కింది.

దీవిలో కొబ్బరి నిజమే. పొట్టేలు తిన్నచోటే పడుకుని, పడుకున్నచోటే మళ్లీ తింది.

"మా అక్కేది మావా?"

"అవతలి ఒడ్డున ఉంటుంది. రేపు కబురు పెడతా. ఆ మొగలిపొదల వైపు మాత్రం పోకు, పాములుంటాయి." నక్క ఇసుకలో ఒక పుల్ల గుచ్చి, దానికి తూర్పున పదహారు గిట్టల దూరంలో ఒక శంఖం పెట్టింది. "ఎల్లుండి ఈ పుల్ల నీడ శంఖాన్ని తాకినప్పుడు దారి తేలుతుంది. అప్పటిదాకా ఇంటి ధ్యాస వదిలేసి హాయిగా ఉండండి."

పొట్టేలు తల ఊపింది. గాడిద కూడా ఊపింది. చుక్కి మాత్రం వెనక్కి తిరిగి చూసింది. వాళ్లు దిగినప్పుడు తేలి ఉన్న దారి మీద అప్పుడే నురగ పాకుతోంది.

రెండోరోజు పొద్దున్నే స్నానం. నక్క ఒడ్డున కూర్చుని తొందరపెడుతోంది. "తల కూడా ముంచండి. ఉప్పు ఒంటికి బాగా పట్టాలి. చర్మానికి మంచిది."

చుక్కి గిట్టకు నీళ్లడుగున ఏదో తగిలింది. మూతితో తీసి చూస్తే బొల్లి మెడలో ఉండే ఇత్తడి గంట. తాడు కొరికి తెంపినట్టుంది. ఆ తాడుకు రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

చుక్కి గంట మోగకుండా లోపల తడి ఇసుక కుక్కి, కొబ్బరిమట్టల కింద దాచింది. ఆ పైన గాడిద పక్కకు వెళ్లి నిలబడింది.

గాడిద ఒళ్లు దులుపుకుంటూ అంది, "ఏంటో చెల్లెమ్మా, ఇదంతా నాకు తెలిసిన పనిలాగే ఉంది."

"ఏ పని?"

"మా జాలరిపేటలో చేపల్నీ ఇంతే. ఉప్పునీళ్లలో ముంచుతారు. ఇసుకలో ఎండేస్తారు. బుట్టలకెత్తి నా వీపున వేస్తారు. పన్నెండేళ్లు మోశాను."

"అలా ఎందుకు చేస్తారన్నా?"

"పాడవకుండా. పక్షం రోజులు నిలవుంటాయి."

గాడిదకేం తెలుసు గంధపుపొడి వాసన అంటారు. గంధం సంగతేమో గానీ ఎండుచేప వాసన దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాసన తెలుసు, అర్థం తెలియదు, అంతే. అర్థం చుక్కికి తెలిసిపోయింది. పక్షానికి ఒక విడత. విడతకు ముగ్గురు. మొగలిపొదల్లో ఉన్నది పాము కాదు.

ఆ మధ్యాహ్నం అది పుల్ల పక్కనే పడుకుని కన్ను ఆర్పకుండా చూసింది. నిన్న దారి తేలినప్పుడు సూర్యుడున్న చోటుకు నీడ నాలుగు గిట్టలు. ఇవాళ తేలేసరికి ఆరు. అంటే సముద్రం రోజుకు రెండు ఘడియలు ఆలస్యంగా తగ్గుతోంది. నిన్న నాలుగు ఘడియలు తేలి ఉన్న దారి ఇవాళ రెండు ఘడియలకే మునిగింది. రేపు ఒక్క ఘడియ ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ నీడ తొందరగా సాగుతుంది గనుక, రేపు తొమ్మిది గిట్టల దగ్గర తేలి పన్నెండు దగ్గర మునుగుతుంది.

శంఖం పదహారు దగ్గర ఉంది.

బొల్లి కూడా ఈ శంఖాన్నే చూస్తూ కూర్చుని ఉంటుంది.

చుక్కి ముందు గాడిదకు, తర్వాత పొట్టేలుకు చెవిలో సంగతంతా చెప్పింది. పొట్టేలు కొబ్బరిపీచు ఉమ్మేసి నవ్వింది.

"మేకబుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. ఒకరు పిలిచి పెడితే ఓర్వలేవు. ఉత్త లెక్కలు!"

"బావా, ఆరుగురు వచ్చారు. ఒక్కరి అడుగుజాడ చూపించు, నేనూ ఉండిపోతా."

"రేపు ఎండస్నానం. అసలు మజా అదేనంట. నువ్వు పో, తుమ్మముళ్లు నీకోసం ఎదురుచూస్తున్నాయి."

మూడోరోజు మధ్యాహ్నం పొట్టేలు ఇసుకలో నాలుగు కాళ్లూ చాపింది. నీడ ఎనిమిది దాటింది. చుక్కి నక్క దగ్గరికి వెళ్లి తల వంచుకుంది.

"మావా, నిన్న నాకు ఉప్పు సరిగ్గా పట్టలేదు. గాడిదన్నకు వీపంతా పొడిగానే ఉండిపోయింది. మళ్లీ ఒకసారి మునిగొచ్చి పడుకోమా?"

నక్క కళ్లు మెరిశాయి. ఇంత బుద్ధిగల అతిథి దానికి ఇంతవరకు దొరకలేదు. "బంగారుతల్లివి! నిండా మునగండి. నిదానంగా రండి, తొందరేం లేదు."

చుక్కి గంటను పళ్ల మధ్య పట్టుకుంది. మడుగులోకి దిగి, అవతలి గట్టెక్కి, ఇసుకదారి మీద పడ్డారు. సగం దూరం పోయేసరికి గిట్టలు తడిశాయి. ఆ తర్వాత మోకాళ్లు. చుక్కి పొట్టకు నీళ్లు తగిలాక గాడిద ఆగింది.

"నా వీపెక్కు చెల్లెమ్మా. చేపలబుట్టకంటే నువ్వేం బరువు కాదు."

వెనక నుంచి నక్క కేక వినిపించింది. దాని వెంట ఇంకో గొంతు, ఎముక విరిగినట్టు ఒక నవ్వు. గాడిద వెనక్కి చూడలేదు. పన్నెండేళ్లలో వెనక్కి చూసే అలవాటే దానికి లేదు. ఆ అలవాటు లేకపోవడమే ఆ రోజు ఇద్దర్నీ ఒడ్డు చేర్చింది.

తోపులో చుక్కి గంటలోని ఇసుక దులిపింది. గంట మోగింది. "బొల్లొచ్చింది, బొల్లొచ్చింది!" అంటూ మేకలన్నీ పరుగెత్తుకొచ్చాయి. వచ్చి, చుక్కి ముఖం చూసి, ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

దీవిలో మొగలిపొదలు కదిలాయి. దుమ్ములగొండి బయటికొచ్చి ఒళ్లు విరుచుకుంది. ఇసుకలో పొట్టేలు ఇంకా గుర్రుపెడుతోంది.

"ఎన్నిరా నక్కా?"

"ఒకటి దొరా... పున్నమి నుంచీ మేపాను, బాగా బలిసింది."

"ఒకటి నాలుగు రోజులకొస్తుంది. దారి మళ్లీ తేలేది ఎన్నాళ్లకి?"

"పన్నెండు."

"మిగతా ఎనిమిది?"

నక్క దారి వైపు చూసింది. దారి లేదు. మొన్న తాను పెట్టిన చోటే శంఖం ఉంది, నీడ అప్పుడే వచ్చి దాన్ని తాకింది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదోనాడు పొద్దున దుమ్ములగొండి పొట్టేలు కొమ్మును ఆఖరిసారి నాకి పక్కన పడేసింది. నక్క దూరంగా కూర్చుని ఉంది. ఆ నాలుగు రోజులూ అది దూరంగానే కూర్చుంది.

"ఒరేయ్," అంది దుమ్ములగొండి, ఎన్నడూ లేనంత మెత్తగా. "ఇన్నాళ్లుగా అందరికీ చూపించడమే గానీ, నువ్వెప్పుడూ ఆ మడుగులో దిగినట్టు లేదే. వెళ్లు, దిగు. నీళ్లు అద్దమే అన్నావుగా."

అమావాస్యకు ఇసుకదారి మళ్లీ తేలింది. విహారానికి రమ్మని పిలవడానికి దాని మీదుగా ఎవరూ రాలేదు.

ఎవరైనా విహారానికి పిలిస్తే అక్కడ చూడవలసినవేమిటని తర్వాత అడుగు. వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లెందరని ముందు అడుగు.