ముప్పై గంపల అప్పలకొండ

ఊ కొట్టేవాళ్లు ముందుకు జరగండి, నిద్రొచ్చేవాళ్లు లేచి ముఖం కడుక్కు రండి! కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఏటి ఒడ్డున ఒక మేదర్ల గూడెం ఉండేది. అందులో అప్పలకొండ అని ఒక ముసల్ది. ముసల్దంటే ఆమెకు కోపం, అప్పలకొండ అనే అందాం.

ఆమెకున్నదల్లా ఒక కత్తి, ఒక వెదురు పొద. మొదటేడు మొలిచిన వెదురు పసిది. రెండో ఏడు పడుచుది. మూడో ఏటికి గానీ ముదరదు. ముదిరినవే కోసి, ఏడాదికి ముప్పై గంపలు అల్లేది. ముప్పై ఒకటోది అడిగితే "వచ్చే యేడు రా నాయనా" అనేది. గూడెమంతా నవ్వేది. నవ్వితే నవ్వనీ! ఆమె గంప కొన్నవాడు మళ్లీ పదేళ్లకు గానీ ఆమె గుమ్మం తొక్కేవాడు కాదు.

ఇంతలో దొరగారి కూతురికి పెళ్లి కుదిరింది! ఏటి అవతలి ఊరే వియ్యాలవారిది. సారె పంపడానికి మూడు వందల గంపలు కావాలి, అదీ నెల తిరిగేలోగా! గూడెం గూడెమంతా ఎగిరి గంతేసింది. పసీ ముదురూ చూడకుండా పొదలన్నీ నరికేశారు. పచ్చి వెదురుతో గబగబా అల్లేశారు. అయినా వంద గంపలు తక్కువ పడ్డాయి. మిగిలింది అప్పలకొండ పొద ఒక్కటే.

దొరగారి దివానుగారు తియ్యటి మాటలతో అప్పలకొండ దగ్గరికి వచ్చారు. "ముదిరింది ఇత్తాను బాబూ, పసిది ఇవ్వను" అంది.

పట్టుచీరతో వచ్చారు. "ముదిరింది ఇత్తాను బాబూ, పసిది ఇవ్వను" అంది.

మూడోసారి గొడ్డళ్లతో, పన్నెండుమంది మనుషులతో వచ్చారు! పొద పోతే అప్పలకొండ బతుకే పోయినట్టు. పొదకు అడ్డంగా నిలబడింది.

"నరకండి బాబూ. నరికే ముందు గూడెమోళ్లు అల్లిన గంపలో సారె లడ్డూలు పోసి ఎత్తించండి. గంప అడుగు నిలిత్తే కత్తి నానే అందిత్తాను."

పోశారు. ఎత్తారు. ఒక అడుగు, రెండడుగులు, మూడో అడుగుకి టపీమని గంప అడుగు ఊడిపోయింది! పచ్చి వెదురు ఎండకి ముడుచుకుపోదూ మరి! లడ్డూలు ఏటి వైపు పరుగు, వాటి వెనక పిల్లలు పరుగు, పిల్లల వెనక కుక్కలు పరుగు!

"ఇప్పుడు నా గంపలో తమరే కూకోండి" అంది అప్పలకొండ.

దివానుగారు చిన్న మనిషేం కాదు. అయినా కూర్చున్నారు. తాళ్లు కట్టి నలుగురు ఎత్తారు. గంప కిర్రుమంది గానీ ఒక్క పుల్ల కదల్లేదు.

"దించండ్రా! గంపలు చాలకపోతే దొరగారు నా తోలు తీస్తారే తల్లీ" అని లబోదిబోమన్నారు దివానుగారు.

"ఎందుకు చాలవు బాబూ? ఈ యేటి ముప్పై గంపలూ సిద్ధంగా ఉన్నాయి. పది మార్లు ఏరు దాటితే మూడొందలే గదా!"

అంతే! పెళ్లినాడు తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా సారె ఏరు దాటుతూనే ఉంది. "ఇదేం సారె తల్లీ, తెగనే తెగదు!" అని వియ్యాలవారి ఊరు ముక్కున వేలేసుకుంది. దొరగారు మీసం మెలేశారు. పొద దక్కింది!

మిగతా మేదర్లకు మోళ్లే మిగిలాయి, అవీ ఎండిపోయాయి. సూరన్న అనేవాడు తల దించుకుని వచ్చాడు. "పిన్నీ, ఏటి సేసి బతకాల?"

"కూకున్న కొమ్మే నరుక్కున్నారు గదరా!" అని చెడామడా తిట్టింది. తిడుతూనే తన పొద మొదట్లో తవ్వి ఇంటికో దుంప ఇచ్చింది. మూడేళ్లు కూలికి పోయి గంజి తాగారు గానీ, ఒక్కడూ కత్తి ముట్టలేదు.

ఆ దుంపలు పొదలై గుబురెక్కిన ఏడు అప్పలకొండ కన్ను మూసింది. పాడెకు రెండు వెదుళ్లు కావాలి. సూరన్న తన పొదలో ముదిరినవి చూసి కోశాడు. కోసి, ఏడుస్తూ అక్కడే గొయ్యి తీసి రెండు దుంపలు నాటాడు. అప్పుడు గానీ పాడె లేవలేదు.

ఇప్పటికీ ఆ తట్టు అంతే. పోయినవాడు కూలివాడైనా దొరైనా, పాడెకు వెదురు కోసిన చెయ్యే దుంప నాటాలి. నాటందే శవం లేవదు. ఎందుకని అడిగితే "అప్పలకొండ ఒప్పదు" అంటారు.

ఎన్ని తరాలు గడిచాయో, ఎంతమంది పోయారో! ఆ ఏటి ఒడ్డున వెదురు మాత్రం తరగలేదు.